కూర్చున్నవాణ్ణి లేపకండి

జిమ్‌లో మెషీన్ ఎక్కి, నాలుగుసార్లు బరువు లాగి, ఆ తర్వాత అక్కడే ఫోన్‌లో మునిగిపోయే మహానుభావుల మీద ఈమధ్య నిందలు ఎక్కువయ్యాయి. సోమరులట. మెషీన్ కబ్జా చేశారట. శరీరశాస్త్రం తెలియనివాళ్ల మాటలివి.

కండరం కదలాలంటే ఏటీపీ కావాలి, అంటే కణాలు అప్పటికప్పుడు ఖర్చుపెట్టే శక్తి సరుకు. బలమంతా పెట్టి లాగితే కండరంలో ఉన్న నిల్వ రెండు మూడు సెకన్లకు మించి రాదు. అద్దంలో ఓసారి చూసుకునేలోపే సరి. అప్పుడు ఆదుకునేది కండరంలోనే దాచి ఉండే ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థం. తన ఫాస్ఫేటును, ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే ఏడీపీకి ధారపోసి మళ్లీ ఏటీపీగా నిలబెడుతుంది. ఆ దాతృత్వమూ దాదాపు 10 సెకన్లే. 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఈ పదార్థం గురించి లోకానికి చెప్పింది మన యల్లాప్రగడ సుబ్బారావు. కాబట్టి ఈ వ్యవహారంలో మనవాళ్లు కాస్త చనువు తీసుకుంటే తప్పు పట్టకూడదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఖాళీ అయిన ఫాస్ఫోక్రియేటిన్ తిరిగి నిండేది బరువు దించి కూర్చున్నాకే. సగం అర నిమిషంలో నిండినా, పూర్తవడానికి 3 నుంచి 5 నిమిషాలు కావాలి. లోపల కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఆక్సిజన్ లాక్కుని చాకిరీ చేస్తుంటే, పైన యజమాని రీల్స్ చూస్తుంటాడు. లోపలి చాకిరీ ఎవరికీ కనబడదు, రీల్ మాత్రం అందరికీ వినబడుతుంది. మరి ఇరవై నిమిషాలైనా లేవనివారి మాటేమిటంటారా? వారి కణాలకు తొందర నచ్చదు.

కొందరుంటారు, ఫాస్ఫోక్రియేటిన్ అడుగంటినా ఆపరు. అప్పుడు గ్లూకోజ్‌ను హడావిడిగా విరగ్గొట్టాల్సి వచ్చి లాక్టేట్ (జనం లాక్టిక్ యాసిడ్ అనేది దీన్నే) పోగుపడుతుంది. మర్నాడు గోడ పట్టుకుని మెట్లు దిగుతూ వీళ్లంతా లాక్టిక్ యాసిడ్‌నే తిడతారు. అది గంటా గంటన్నరలోనే రక్తంలోంచి సర్దుకుంది! ఊళ్లో లేనివాడి మీద కేసు పెట్టడమంటే ఇదే. నొప్పికి కారణం అలవాటు లేని పనికి సూక్ష్మంగా దెబ్బతిన్న కండరపు పోగులు. లాక్టేట్‌లో కొంత కాలేయానికి చేరి మళ్లీ గ్లూకోజ్ అయింది, కొంత గుండెకు ఇంధనమైంది.

ఇక కండరాల్లో దాచుకున్న గ్లూకోజ్ నిల్వ, అదే గ్లైకోజెన్, పూర్తిగా ఖర్చయితే, పిండిపదార్థాలు దండిగా తిన్నా నిండడానికి ఒక రోజు దాకా పడుతుంది. అంటే మర్నాడు జిమ్‌కు డుమ్మా కొట్టడానికీ శాస్త్రాధారం ఉన్నట్టే. ముందు రోజు అంత ఖర్చు పెట్టారా అని అడగడం మర్యాద కాదు.

ఈ విశ్రాంతి హక్కును అన్ని కండరాలకూ వర్తింపజేయాలని మా డిమాండ్. గుండెకు మాత్రం మినహాయింపు ఇవ్వగలరు.