మా మేనల్లుడి విశ్వభాష

మా మేనల్లుడు ఒక భాష కనిపెట్టాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ కదా, శ్రీకాకుళంలో కూర్చుని సాయంత్రాలు మానవజాతిని ఉద్ధరిస్తున్నాడు. విభక్తులు డజను దాటాయి. మాట్లాడే రెండో మనిషే ఇంకా పుట్టలేదు.

ఇది పాత జబ్బే. 1879లో ష్లేయర్ అనే జర్మన్ ఫాదరీకి నిద్రపట్టని రాత్రి దేవుడే ఆజ్ఞాపించాడట, లోకానికంతటికీ ఒకే భాష చెయ్యమని. అలా వోలాప్యూక్ పుట్టింది. పదేళ్లకే మార్పుచేర్పుల మీద తగాదా. ఆఖరి మాట నాదేనన్నాడు ఫాదరీ, దుకాణం మూతపడింది. 1887లో ఎస్పెరాంటో అనే మరో విశ్వభాష తెచ్చిన కంటి డాక్టరు జామెన్‌హోఫ్‌ని మాత్రం నేనేమీ అనను. ఆయన పెరిగిన పోలండు ఊరు బియాలిస్టోక్‌లో నాలుగు జాతులు నాలుగు భాషల్లో కొట్టుకునేవి. మావాడికేం వచ్చింది?

మొన్న ఏడురోడ్ల జంక్షన్లో టీ కూడా తన భాషలోనే అడిగాడు. టీ ఇంకా మరగలేదు కాబట్టి క్రియకు 'సందేహ భవిష్యత్తు' ప్రత్యయం తగిలించాలట. అది తగిలించేసరికి టీ మరిగి పొంగింది. వాక్యం మళ్లీ మొదటికొచ్చింది. వెనక ఆటోవాళ్లు గ్లాసుల కోసం చేతులు చాపుతున్నారు.

"ఏటి బాబూ, పన్ను నొప్పా?" అన్నాడు టీ అతను.

మావాడు కళ్లు మెరిపించి, "మామయ్యా, ఇదే నా భాషలో తొలి సంభాషణ!" అన్నాడు.

"దిష్టి తీయించండి, మాస్టారూ" అని టీ అతను నాకు రహస్యంగా చెప్పాడు.

ఇదే కుర్రాడు ఆఫీసు కాల్‌లో పొరపాటున 'ఏటి' అంటే నాలుక కరుచుకుంటాడు. సినిమాలో తెలివితక్కువ పనివాడికి మన యాస పెడితే, టికెట్టు కొని మరీ నవ్వుతాం. 1863లో ఈ జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవరలనే గిరిజనుల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఆయన ఏ భాషనూ కనిపెట్టలేదు, విన్నాడు. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన విగ్రహానికి దండ వేసి, ఆయన దశాబ్దాలపాటు ఎదిరించిన ఆ గ్రాంథికంలోనే ఉపన్యాసం దంచుతాం. అదే రోజు మెళియాపుట్టి కొండల్లో, ఇంట్లో సవర తప్ప వినని పిల్ల బడిలో తెల్లమొహం వేసుకుని కూర్చుంటే 'మొద్దు' అంటాం. ఎవర్రా మొద్దు? ఆ పిల్లతో ఆమె భాషలో ఒక్క మాట మాట్లాడలేని మనమా, ఆమా? సిగ్గుండక్కర్లేదా?

మావాడు తన వ్యాకరణానికి ముందుమాట అడిగాడు. మన యాసలోనే రాసిచ్చాను. "మామయ్యా, కొంచెం డీసెంట్ తెలుగులో పంపవా?" అని మెసేజ్ పెట్టాడు.