పాత ఆట, కొత్త కంప్యూటర్: దేని మీద చెయ్యి వేయాలి?

గ్రహాంతరవాసులతో సైనికులను పోరాడించే, 1994లో వచ్చిన కంప్యూటర్ గేమ్ ‘ఎక్స్-కామ్’ను ఇప్పుడు మొదటిసారి ఆడేవాళ్లకు రెండుసార్లు చిరాకు వస్తుంది. ఒకసారి ఆ గళ్లుగళ్ల బొమ్మలు చూసి, ఇంకోసారి పంపిన సైనికుల్లో సగంమంది పది నిమిషాల్లో చచ్చిపోయాక. బొమ్మల మీద చిరాకు గంటలో పోతుంది. రెండో చిరాకు మాత్రం పోదు. నిజానికి దాని కోసమే మర్నాడు మళ్లీ ఆ గేమ్ తెరుస్తారు.

పాతికా ముప్పై ఏళ్ల నాటి టర్న్-బేస్డ్ (వంతులవారీగా ఎత్తులు వేసే) స్ట్రాటజీ గేమ్‌లు మళ్లీ జనంలోకి వస్తుంటే, అదంతా చిన్ననాటి జ్ఞాపకాల మోజని చాలామంది కొట్టిపారేస్తున్నారు. మోజు కొంత ఉంది, కాదనలేం. కానీ ఆ గేమ్‌లు వచ్చేనాటికి పుట్టనివాళ్లు కూడా రాత్రిళ్లు మేలుకుని ఆడుతున్నారే, వాళ్లకు ఏ జ్ఞాపకాలున్నాయి? నా మట్టుకు నాకు కారణం ఆ ఆటల నిబంధనల్లోనే కనిపిస్తోంది. నిబంధనలు అప్పుడెంత గట్టిగా ఉన్నాయో ఇప్పుడూ అంతే గట్టిగా ఉన్నాయి. పాడైందల్లా వాటి చుట్టూ ఉన్న సరంజామా: ఆపరేటింగ్ సిస్టమ్, స్క్రీన్, సీడీ తాళాలు, మెనూలు. బాగుచేసేవాళ్లు ఆ సరంజామా మీద చెయ్యి వేయాలే తప్ప నిబంధనల జోలికి పోకూడదు. ఈ తేడా కంపెనీల కంటే, పైసా తీసుకోకుండా పనిచేస్తున్న ఆటగాళ్లకే బాగా తెలిసినట్టుంది.

రియల్ టైమ్ గేమ్ గడియారంతో నడుస్తుంది. విండోస్‌కు ముందున్న డాస్ రోజుల్లో కొన్ని గేమ్‌లు ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా వాడుకున్నాయి కాబట్టి, ఇప్పటి మెషీన్ మీద ఉన్నది ఉన్నట్టు నడిపితే శత్రువు రెప్పపాటులో మీద పడతాడు. టర్న్-బేస్డ్ గేమ్‌లకు ఈ బెడద తక్కువ. మనం మౌస్ కదిపేదాకా అవి ఓపిగ్గా కూర్చుంటాయి. పైగా వేగం పెరగడం వాటికి లాభమే: ఒక నాగరికతను శతాబ్దాల పొడవునా పెంచే 1991 నాటి ‘సివిలైజేషన్’లో చివరి శతాబ్దాలకొచ్చేసరికి ప్రత్యర్థుల వంతు ఎప్పుడవుతుందా అని ఎదురుచూడాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ బాధ లేదు. అలాగని పూర్తిగా తప్పించుకున్నాయని కాదు. ‘ఎక్స్-కామ్’ డాస్ వెర్షన్‌ను వేగం తగ్గించకుండా నడిపితే మౌస్ అంచుకు తగలగానే మ్యాప్ ఆ చివరికి పరిగెడుతుంది. పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో సైకిల్స్ (వేగం సెట్టింగ్) తగ్గిస్తే సరిపోతుంది.

ఇంతకంటే పెద్ద కారణం, లెక్కంతా ఆటగాడి కళ్ల ముందే ఉండడం. ‘ఎక్స్-కామ్’లో ఒక్క వంతు చూద్దాం. సైనికుడికి 60 టైమ్ యూనిట్లున్నాయి, ఆ వంతులో ఏ పని చేసినా వాటిలోంచే ఖర్చు. చదునైన నేల మీద ఒక గడి నడిస్తే 4 పోతాయి. కొట్టం తలుపు దాకా పది గళ్లు, అంటే 40. అక్కడ మోకాలి మీద కూర్చోడానికి ఇంకో 4. రైఫిల్‌తో చటుక్కున పేల్చే స్నాప్ షాట్‌కు మొత్తంలో 25 శాతం, అంటే 15 కావాలి. అవి ఇప్పుడు ఖర్చుపెట్టకుండా దాచుకుంటే, ఏలియన్ తన వంతులో బయటికొచ్చినప్పుడు మనవాడు ఎదురు కాల్చగలడు. ఇక మిగిలింది ఒకటే యూనిట్. దాంతో 45 డిగ్రీలు పక్కకు తిరగొచ్చు. తలుపు వైపు తిరగాలా, కిటికీ వైపా?

అక్కడితో అయిపోలేదు. చేతిలో మిగిలిన యూనిట్లు ఎన్ని ఎక్కువుంటే ఎదురు కాల్చే అవకాశం అంత ఎక్కువ. తలుపు దాకా పోకుండా రెండు గళ్ల ముందే ఆగి ఉంటే మెరుగ్గా ఉండేదేమో, కానీ అక్కడ దాక్కోడానికి చాటు లేదు. ఇదంతా తేల్చుకుని వంతు ముగించాక మ్యాప్ కనుమరుగై, శత్రువులు కనపడకుండా కదులుతున్నారనే మాట వస్తుంది. ఆ కాసేపు పడే టెన్షన్‌కు గ్రాఫిక్స్‌తో పనే లేదు.

ఫిరాక్సిస్ సంస్థ 2012లో ఈ ఆటను కొత్తగా తీసినప్పుడు టైమ్ యూనిట్లు ఎత్తేసి ఒక్కో సైనికుడికి రెండేసి చర్యలు పెట్టింది. అది మంచి గేమే. నేర్చుకోవడం తేలిక, తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది. కానీ ఆ మిగిలిన ఒక్క యూనిట్ కోసం పడే తర్జనభర్జన అందులో లేదు. అందుకే దాన్ని పాత ఆటకు మెరుగైన రూపం అనడం సరికాదు. అది వేరే ఆట.

పాత గేమ్‌ను ఇప్పటి మెషీన్ మీద నడపడం ఒకప్పుడు తలనొప్పి వ్యవహారం. 1996లో విడుదలైన ‘సివిలైజేషన్ 2’ 16-బిట్ ప్రోగ్రామ్ కావడంతో 64-బిట్ విండోస్ దాన్ని అసలు తెరవదు. సేఫ్‌డిస్క్ అనే సీడీ రక్షణతో వచ్చిన గేమ్‌లకు విండోస్ 10 మద్దతు ఆపేసింది, అంటే డబ్బు పెట్టి కొన్న డిస్క్ చేతిలో ఉన్నా గేమ్ నడవదు. 2002లో మొదటిసారి విడుదలైన డాస్‌బాక్స్, 2008లో మొదలైన, పాత గేమ్‌లు ఆన్‌లైన్‌లో అమ్మే గాగ్ స్టోర్ ఈ చిక్కుల్లో చాలావాటిని తీర్చాయి. ఇప్పుడు కొన్న గేమ్ డౌన్‌లోడ్ చేసి క్లిక్ చేయడమే. స్క్రీన్ సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. అప్పటి 320×200 బొమ్మ 4:3 నిష్పత్తి ఉన్న మానిటర్ కోసం గీసింది. దాన్ని వెడల్పు స్క్రీన్ నిండా సాగదీస్తే మనుషులు బండగా కనిపిస్తారు. అడ్డంగా 5 రెట్లు, నిలువుగా 6 రెట్లు పెంచితే 1600×1200 అవుతుంది, అప్పుడు నిష్పత్తీ చెడదు, గీతలూ మసకబారవు. పక్కన నల్ల పట్టీలు మిగిలితే మిగలనివ్వండి.

అసలు చర్చంతా బగ్గుల (ప్రోగ్రామ్‌లోని తప్పుల) దగ్గర మొదలవుతుంది. ‘ఎక్స్-కామ్’ తొలి వెర్షన్‌లో ఒక పెద్ద లోపం ఉండేది. ఎంత కష్టమైన స్థాయి ఎంచుకున్నా, మొదటి పోరాటం తర్వాత గేమ్ చడీచప్పుడు లేకుండా బిగినర్ స్థాయికి పడిపోయేది. ఈ సంగతి తెలియని ఆటగాళ్లు గేమ్ మరీ తేలికగా ఉందన్నారు. ఆ మాట పట్టుకుని 1995లో వచ్చిన తర్వాతి భాగం ‘టెర్రర్ ఫ్రమ్ ద డీప్’ను మరీ కఠినంగా తయారుచేశారు. అలా ఒక బగ్ వల్ల ఇంకో ఆట స్వభావమే మారిపోయింది. మరి పాత గేమ్‌ను కాపాడతామనేవాళ్లు దేన్ని కాపాడాలి? జనం ఆడిన తేలిక ఆటనా, తయారుచేసినవాళ్లు అనుకున్న కష్టమైన ఆటనా?

2014లో 1.0 వెర్షన్ విడుదల చేసిన ‘ఓపెన్ఎక్స్‌కామ్’ వాలంటీర్లు రెండోదాన్ని ఎంచుకున్నారు. అది సరైన నిర్ణయమే. ఆటను నడిపించే ప్రోగ్రామ్‌ను, అంటే ఇంజిన్‌ను, మొత్తం కొత్తగా రాశారు, ఏ దారిలో నడిస్తే ఎన్ని యూనిట్లు పోతాయో ముందే చూపే సదుపాయం ఐచ్ఛికంగా ఇచ్చారు, దెబ్బ తగిలితే జరిగే నష్టం లెక్కల్ని మాత్రం అలాగే ఉంచారు. అన్నిటికీ ఒకే సూత్రం పనిచేయదన్నది నిజమే. ఒక పోరాటానికి 80 వస్తువులకు మించి తీసుకెళ్లకూడదన్న పాత పరిమితినే తీసుకోండి. అది నిబంధనా, ఇబ్బందా? దానివల్ల ఆటగాడికి లెక్కేసుకోడానికి ఏమీ దొరకదు కాబట్టి ఇబ్బందే అంటాను. పోతే బాధలేదు. ఇంకో మంచి పని, గేమ్ తాలూకు అసలు ఫైళ్లు వాళ్లు పంచిపెట్టరు. గేమ్ కొనుక్కుంటేనే ఇంజిన్ ఉపయోగపడుతుంది, హక్కుదారుకు పైసా నష్టం లేదు.

హక్కుదారులు ఏం చేశారో చూడండి. ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’ 1999 నాటిది. ఉబిసాఫ్ట్ 2015లో దానికి హెచ్‌డీ ఎడిషన్ తెచ్చింది. బొమ్మలు నిగనిగలాడాయి, కానీ రెండు విస్తరణలు (అసలు ఆటకు తర్వాత జోడించిన భాగాలు) అందులో లేవు. వాటి సోర్స్ కోడ్ పనికొచ్చే రూపంలో లేకపోవడమే కారణం. పాత బొమ్మలతోనే ఉన్న ‘కంప్లీట్’ ఎడిషన్‌లో ఆ రెండూ ఉన్నాయి, అంటే కొత్తది కొన్నవాళ్లకు తక్కువ ఆట దక్కింది! మరోవైపు వీసీఎంఐ అనే స్వేచ్ఛా ఇంజిన్ ఆ ఆటను ఫోన్లలో కూడా నడిపిస్తోంది, ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ పేరుతో పనిచేసే అభిమానుల బృందం ఏకంగా కొత్త పట్టణాలే కట్టింది. సొంత కోడ్‌నే భద్రం చేసుకోలేని పరిశ్రమ, భద్రం చేసేవాళ్లకు అడ్డుపడకుండా ఉంటే అదే పదివేలు. అదీ జరగడం లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. అలాంటి గేమ్‌లను పరిశోధకులకు ఇంటి నుంచే చూసే వీలు కల్పిస్తామని గ్రంథాలయాలు అడిగితే, మరుసటి ఏడాది అమెరికా కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు. గేమ్ కంపెనీల సంఘం దానికి గట్టిగా అభ్యంతరం చెప్పింది మరి.

అన్నీ మెచ్చుకోవాలని లేదు. మొదటి ‘సివిలైజేషన్’ ఆఖరి దశలో ఒక్కో దళాన్నీ చేత్తో కదుపుతూ కూర్చోవడం ఇప్పటికీ విసుగే. విచిత్రమేమిటంటే 1993లోనే అంతరిక్ష సామ్రాజ్యం నడిపే ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ ఆ విసుగుకు విరుగుడు చూపించింది. ఒక్కో గ్రహానికి ఐదు స్లైడర్లు (జరిపి ఖర్చు పంచే మీటలు): నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. పెద్ద సామ్రాజ్యాన్ని కూడా వాటితోనే నడిపేయొచ్చు. పైగా దాన్ని ఎప్పుడు ఆడినా అన్ని టెక్నాలజీలూ మనకు దొరకవు, లేనివాటిని బేరమాడో, దొంగిలించో తెచ్చుకోవాలి. తర్వాత వచ్చిన చాలా గేమ్‌లు భవనాల జాబితాలు పెంచుకుంటూ పోయాయే గానీ ఆ స్లైడర్ల వైపు చూడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ‘హీరోస్ 3’ తేలిక. తర్వాత ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’. ‘ఎక్స్-కామ్’ను ఓపెన్ఎక్స్‌కామ్‌తోనే ఆడండి, బిగినర్ స్థాయి ఎంచుకోడానికి నామోషీ పడకండి. అసలు గేమ్‌లో చాలామంది తెలియకుండా ఆడింది ఆ స్థాయిలోనే. ఏది ఆడినా ముందు మాన్యువల్ చదవండి, కొన్న గేమ్‌తో పాటు పీడీఎఫ్‌గా ఇస్తున్నారు. అప్పట్లో ఆటలోనే పాఠాలు చెప్పే పద్ధతి పెద్దగా లేదు, చెప్పాల్సినదంతా ఆ పుస్తకంలోనే పెట్టేవారు. 1994 నాటి ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’ను ఆఖరికి ఉంచుకోండి. విడుదలైన రోజుల్లో అది బగ్గుల పుట్ట, అభిమానులు రాసిన ప్యాచ్ (తప్పులు దిద్దే ఫైల్) వేసుకుని ఆడితేనే దాని సత్తా తెలుస్తుంది.