ఎగుమతి రొయ్యకున్న విలువ బడి పిల్లల గుడ్డుకు లేదా?

భీమవరం చెరువుల నుంచి యూరప్‌కు వెళ్లే రొయ్యను పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షిస్తారు. ఓడ దిగాక అక్కడివాళ్లు మళ్లీ పరీక్షిస్తారు. మన సాగు రొయ్యల మీద ఆ తనిఖీని 2016లో సగం సరుకుకు పెంచారు. నిషేధిత యాంటీబయాటిక్ నైట్రోఫ్యూరాన్ జాడ దొరికితే కంటైనర్ తిరుగుముఖం పట్టాల్సిందే. అదే గోదావరి జిల్లాల్లో పెరిగి మన పళ్లెంలోకే వచ్చే కోడికి, గుడ్డుకు ఇందులో పదో వంతు జాగ్రత్త కూడా దక్కడం లేదు. సరుకు తిప్పికొట్టగల కొనుగోలుదారు ఎదుట నిలిస్తే తప్ప మన యంత్రాంగానికి మందుల అవశేషాల సంగతి గుర్తుకు రాదని అనుకోవాలా?

ఐసీయూలో మిగతా యాంటీబయాటిక్స్ అన్నీ చేతులెత్తేశాక వైద్యులు చివరగా ఆశ్రయించే కొలిస్టిన్‌ను కోళ్లు త్వరగా బరువెక్కడం కోసం దాణాలో కలిపిన దేశం మనది. కేంద్రం 2019 జులైలో దాన్ని నిషేధించింది. పశువుల ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడటాన్ని యూరప్ 2006లోనే ఆపేసింది. ఈ ఒక్క మందును ఆపడానికే మనకు మరో 13 ఏళ్లు పట్టింది. మందులు మానేస్తే కోళ్లు చస్తాయని, ధర పెరిగి పేదవాడికి గుడ్డు దూరమవుతుందని పరిశ్రమ వాదిస్తోంది. జబ్బు చేసిన కోడికి వైద్యం వద్దని ఎవరూ అనడం లేదు. జబ్బు ఎక్కడ మొదలవుతోందన్నదే అసలు ప్రశ్న.

అది చాలాసార్లు దాణా బస్తాలోనే మొదలవుతుంది. వానకు తడిసి, రోడ్డు మీద సరిగా ఆరని మొక్కజొన్న గోదాములో ఆకుపచ్చ బూజు పడుతుంది. ఆ బూజు విడిచే అఫ్లటాక్సిన్ అనే విషం దాణా మిల్లు వేడికి కూడా నశించదు. దాన్ని తిన్న కోడిని కోసి చూస్తే కాలేయం ఉబ్బి పాలిపోయిన పసుపు రంగులో ఉంటుంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లగానే, అంతవరకు పేగుల్లో పడి ఉన్న ఈ.కొలి వంటి బ్యాక్టీరియా విజృంభించి గుండె చుట్టూ తెల్లటి పొర కట్టేదాకా వెళ్తుంది. బూజు పట్టిన వేరుశనగ పిండి తిని 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిన నాటి నుంచీ తెలిసిన సంగతే ఇది. అయినా చెడ్డ గింజను వెనక్కి పంపడం కంటే నీళ్లలో మందు కలపడమే చవకగా తోస్తోంది. కంపెనీ ఇచ్చిన కోడిపిల్లలను, కంపెనీ దాణాతో, కంపెనీ మందులతో పెంచి కిలోకింత అని కూలి తీసుకునే కాంట్రాక్టు రైతుకు బస్తాలో ఏముందో అడిగే హక్కయినా లేదు.

కథ షెడ్డులోనే ముగియదు. రెట్ట కలిసిన ఊక పొలాలకు ఎరువుగా వెళ్తుంది, దానితోపాటే మందుల అవశేషాలు, మందులకు లొంగని బ్యాక్టీరియా. చేపలకు మేతగా కోడి వ్యర్థాలను రాత్రిళ్లు తరలిస్తున్న వాహనాలు పట్టుబడుతూనే ఉన్నాయి. ఆ చేపల చెరువుల గట్ల మీద వాలే కాకికీ కొంగకూ, పక్కనే కొల్లేరులో దిగే పెలికాన్‌కూ ఎవరు పరీక్ష చేస్తారు? 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సు వద్ద 18 వేలకు పైగా పక్షులు బొటులిజంతో, అంటే బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే పక్షవాతంతో నేలకూలాయి. కళేబరాల్లోని పురుగులను తిన్న పక్షులకూ విషం పాకుతుంది కనుకే వాటిని ఏరి పూడ్చడానికి అంత హడావుడి పడాల్సి వచ్చింది.

రాబందుల ఉదంతం ఇంతకంటే సిగ్గుచేటు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా చేరి మూత్రపిండాలను దెబ్బతీయడంతో తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధిస్తే, మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు చేరాయి. ఆ సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించడానికి 2015 దాకా ఆగారు. ఆవు ఒంట్లోకి వెళ్లి డైక్లోఫెనాక్‌గానే మారే ఎసిక్లోఫెనాక్‌ను ఆపింది 2023లో. రాబందు తరఫున సరుకు తిప్పి పంపే దిగుమతిదారు ఎవరూ లేరు మరి.

బడి పిల్లల గుడ్డుకు ఆ సాకు కూడా చెల్లదు. మధ్యాహ్న భోజనానికీ అంగన్‌వాడీలకూ గుడ్లు కొనేది స్వయానా ప్రభుత్వం. పక్కదారి పట్టకుండా గుడ్డు మీద రంగు ముద్ర వేయించే తెలివి ఉన్న పాలకులకు, లోపల ఏముందో పరీక్షించి ఆ ఫలితాన్ని ప్రతి నెలా ప్రజల ముందు పెట్టే ఓపిక ఎందుకు లేదు? పరీక్షలో తప్పిన లారీని వెనక్కి పంపాలని టెండరులో ఒక్క షరతు రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్ నుంచి లేఖ వస్తే పరుగులు తీసే అధికారులు, తమ ఊరి బడి పిల్లల కోసం ముందు ఆ ఒక్క వాక్యం రాయాలి.