స్పిరిట్ అన్న మాట ఒకటే, ద్రవాలు వేరు

ఆల్కహాల్ గురించి నేను చదివిన ఒక వ్యాసం, మద్యంలో ఉండే ఇథనాల్‌నూ, తాగితే విషమయ్యే మరో ఆల్కహాలైన మిథనాల్‌నూ ‘స్పిరిట్’ అన్న ఒక్క మాటతోనే వ్యవహరించడం నన్ను కలవరపెట్టింది. ఆల్కహాల్ అన్న పేరు వెనుక ఉన్న అరబ్బీ ‘అల్ కుహ్ల్’ నిజానికి కంటికి పెట్టుకొనే మెత్తని కాటుక పొడి. ఆ మాట ఐరోపా చేరాక ఏ పదార్థపు సారానికైనా వర్తించి, చివరకు ద్రాక్షసారాను స్వేదనం చేయగా వచ్చిన ద్రవానికి స్థిరపడింది. పేరు అలా మారితే నష్టం లేదు గానీ, ద్రవాన్ని పొరబడితే ప్రాణమే పోతుంది. వడ్రంగులు చెక్కకు మెరుగు పెట్టేటప్పుడు లక్కను కరిగించే మిథిలేటెడ్ స్పిరిట్‌లో ఉండేది ప్రధానంగా ఇథనాలే అయినా, దానిలో ఎవరూ తాగకూడదనే మిథనాల్ కలుపుతారు. అది ఒంట్లో ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పలువురు మరణించిన సంగతి మనం మరువలేదు కదా! చేతులు శుభ్రం చేసుకోవడానికైతే నూరు శాతం ఇథనాల్ కన్నా సుమారు 70 శాతం ద్రావణమే మేలు, ఎందుకంటే క్రిముల ప్రోటీన్లు విరగడానికి కొంత నీరు అవసరం. ఈ రెండు ద్రవాలకూ వేర్వేరు పేరాలు కేటాయించి వ్యాసాన్ని సవరించాలని రచయితను కోరుతున్నాను.