సెలవు రోజు తెలియని లెక్క

ఫిబ్రవరి 28న ఒక ప్రభుత్వ బాండ్ కొని, మార్చి 1న అమ్మేశారనుకుందాం. లీపు సంవత్సరం కాదు. ఎన్ని రోజుల వడ్డీ లెక్కకు వస్తుంది? ఒక రోజు అనే ఎవరైనా అంటారు. కానీ మన ప్రభుత్వ బాండ్లకు నెలకు 30 రోజులు, ఏడాదికి 360 రోజులు అనే పద్ధతిలో వడ్డీ కడతారు. ఆ లెక్కన అది మూడు రోజులు. 7 శాతం వడ్డీ ఇచ్చే 100 కోట్ల రూపాయల బాండ్ మీద మూడు రోజుల వడ్డీ 5 లక్షల 83 వేలు. ప్రభుత్వం స్వల్పకాలానికి అప్పు తీసుకునే ట్రెజరీ బిల్లులకు వాడే 365 రోజుల పద్ధతిలో ఒక్క రోజుకు కడితే అది 1 లక్షా 92 వేల దగ్గర ఆగిపోతుంది. రెండు పద్ధతులూ సరైనవే. ఎక్కడ ఏది వాడాలో తెలియని ప్రోగ్రామ్ రాస్తే మాత్రం దాదాపు నాలుగు లక్షలు తప్పుపోతాయి.

ఈ లెక్కలు హైదరాబాద్‌కు కొత్త కాదు. అమెరికా పెట్టుబడుల సంస్థ డీఈ షా 1996లోనే ఇక్కడ ఆఫీసు తెరిచింది. తర్వాత పెద్ద పెద్ద విదేశీ బ్యాంకులు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మాదాపూర్ వైపు వచ్చాయి. న్యూయార్క్‌లోనో లండన్‌లోనో ఒక ఆప్షన్‌కు (ముందే ఖాయమైన ధరకు తర్వాత కొనే లేదా అమ్మే హక్కుకు) ధర కట్టే కోడ్‌ను ఇక్కడ కూర్చున్న మన పిల్లలు రాస్తున్నారు, పరీక్షిస్తున్నారు. అయితే ఆ కోడ్ ఆఫీసు గోడ దాటి రాదు. ఉద్యోగం దొరికిన వాళ్లకే ఆ విద్య దొరుకుతుంది. బయట ఉన్న విద్యార్థికి దారి ఏమిటి?

దారి ఉంది. పాతికేళ్లుగా తెరిచే ఉంది. 2000లో ఇటలీలో కొందరు మొదలుపెట్టిన క్వాంట్‌లిబ్ అనే లైబ్రరీలో, అంటే అందరూ వాడుకునేలా రాసిపెట్టిన కోడ్ కట్టలో, బాండ్లు, స్వాప్‌లు (చెల్లింపులు మార్చుకునే ఒప్పందాలు), ఆప్షన్ల ధర కట్టే మోడళ్లు సీ ప్లస్ ప్లస్ భాషలో ఉన్నాయి, పైథాన్ నుంచి కూడా వాడుకోవచ్చు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు. డేటా పని చేసే ప్రతి విద్యార్థికీ తెలిసిన పాండాస్ లైబ్రరీ కూడా ఫైనాన్స్ ఇంట్లో పుట్టిందే. 2008లో అమెరికాలోని ఒక పెట్టుబడుల సంస్థలో మొదలై, ఆ మరుసటి ఏడాది అందరికీ అందింది.

మా బాధ ఇక్కడే ఉంది. తలుపు తెరిచి ఉన్నా మనం గడప దగ్గరే ఆగిపోతున్నాం. అమీర్‌పేటలో అయినా ఇంజనీరింగ్ కాలేజీలో అయినా, లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసి నాలుగు లైన్లు రాసి ధర తెప్పించడం నేర్పుతున్నాం. ఆ ధర లోపల ఎలా తయారైందో చూడమని చెప్పడం లేదు. ఏ తేదీ నాటికి ధర కావాలో చెప్పకపోతే క్వాంట్‌లిబ్ ఈ రోజు తేదీనే తీసుకుంటుంది. అందుకే నిన్న వచ్చిన అంకె ఈ రోజు రాదు. విద్యార్థి టెన్షన్ పడి కోడ్ మొత్తం మార్చేస్తాడు. లోపలికి వెళ్లి చదివిన వాడికి అది ఒక్క లైన్ పని.

మూసిన లెక్క ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి 2012లో అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ లండన్ ఆఫీసులో జరిగింది చాలు. ఆ వ్యవహారంలో బ్యాంకు 600 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. నష్టభయాన్ని కొలిచే మోడల్ కొన్ని ఎక్సెల్ షీట్ల మీద, చేతితో కాపీ పేస్ట్ చేస్తూ నడిచిందని బ్యాంకు సొంత నివేదికే 2013లో ఒప్పుకుంది. ఒకచోట రెండు రేట్ల సగటుతో భాగించాల్సింది మొత్తంతో భాగించారు. దాంతో రేట్ల ఒడిదుడుకులు సగానికి సగం తగ్గి కనిపించాయి. పదో తరగతి పిల్లవాడు పట్టుకోగల తప్పు అది. పట్టుకోవడానికి ఆ షీటు వాడి కంటపడాలి కదా!

కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన లెక్క ఒప్పైపోదు, ఇది కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ 20 రాత్రి అమెరికాలో ముడిచమురు ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందాల) ధర సున్నా దాటి కిందికి పోయి, బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. లాక్‌డౌన్ వల్ల మన సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లో ఆ రోజు ట్రేడింగ్ సాయంత్రం ఐదింటికే ఆపేశారు. అమ్ముకునే అవకాశం లేకుండానే ఇక్కడి కాంట్రాక్టును మైనస్ 2,884 రూపాయలకు సెటిల్ చేశారు. ధర ఎప్పుడూ సున్నాకు పైనే ఉంటుందని నమ్మే, ఆప్షన్లకు ధర కట్టే ‘బ్లాక్’ అనే మోడల్ ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు. ధర మైనస్‌లోకి పోయినా లెక్క కట్టగల బషెలియే మోడల్‌కు అమెరికా ఎక్స్ఛేంజి మారాల్సి వచ్చింది. ఈ రెండు సూత్రాలూ క్వాంట్‌లిబ్‌లో ఉన్నాయి. రెండింటినీ చదివి, ఒకటి ఎక్కడ విరుగుతుందో చూసిన విద్యార్థికే అలాంటి రోజున ఏం చేయాలో తెలుస్తుంది. లైబ్రరీ అడిగిన దానికి జవాబిస్తుంది, ఏది అడగాలో చెప్పదు.

ఇదేమీ నిపుణుల గొడవ మాత్రమే కాదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడింగ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం తేల్చింది. ఒక్కొక్కరికీ సగటున దాదాపు 2 లక్షలు పోయాయి. అదే చివరి ఏడాది విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం, కంప్యూటర్ ప్రోగ్రామే నడిపే అల్గో ట్రేడింగ్ నుంచే వచ్చింది. లోపల ఏముందో చెప్పని బ్లాక్ బాక్స్ అల్గోలకు సెబీ 2025 ఫిబ్రవరిలో కొత్త నిబంధనలు పెట్టింది. మంచిదే. కోడ్ నేర్చుకుని అందరూ ట్రేడింగ్‌లో దిగాలని మేము అనడం లేదు. తాను కొంటున్న ఆప్షన్ ధరలో ఏముందో ఒకసారి తనే కట్టి చూసుకున్న కుర్రాడు, అప్పు తెచ్చి కొనే ముందు కాస్త ఆగుతాడు.

ఇప్పుడు మన వంతు. క్వాంట్‌లిబ్‌లో మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి సెలవుల క్యాలెండర్ ఉంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటివి ఏటా అవే తేదీలు కాబట్టి చిక్కు లేదు. హోలీ, దీపావళి, రంజాన్, బక్రీద్ అలా కాదు. అవి చంద్రుడితో పాటు కదులుతాయి. వాటికి అందులో సూత్రం లేదు, ఏ ఏటికి ఆ ఏడు ఎవరో ఒకరు తేదీలు చూసి చేత్తో రాయాలి. రాయకపోతే దీపావళి నాడు కూడా మార్కెట్ మామూలుగా తెరిచే ఉందని మోడల్ అనుకుంటుంది, సెటిల్‌మెంట్ తేదీ తప్పుతుంది, వడ్డీ తప్పుతుంది. మన పండుగల తేదీలు మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మాసాబ్‌ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో సీఆర్ రావు పేరు మీద గణిత, గణాంక సంస్థ ఉంది. ఐఐఐటీ ఉంది, ఉస్మానియా ఉంది. ఆ సెలవులు, మన బాండ్ల వడ్డీ పద్ధతులు, వాటిని సరిచూసే పరీక్షలు రాసి లైబ్రరీలో చేర్పించే బాధ్యతను ఈ సంస్థలు కలిసి తీసుకోవాలి. చివరి ఏడాది ప్రాజెక్టుకు మార్కులు వేసేటప్పుడు, ఓపెన్ సోర్స్ లైబ్రరీలో విద్యార్థి సరిదిద్దిన ఒక్క తప్పునైనా లెక్కలోకి తీసుకోవాలి. ఈ లైబ్రరీలను ఉచితంగా వాడుకుంటున్న సంస్థలు తమ ఇంజనీర్లకు నెలలో ఒక రోజైనా తిరిగి రాసిచ్చే అనుమతి ఇవ్వాలి. లైసెన్సు వాళ్లను అడగదు, కాబట్టి ఊరే అడగాలి.

వచ్చే ఏడాది మార్కెట్ సెలవుల జాబితా డిసెంబరులో వస్తుంది. దాన్ని కోడ్‌లోకి ఎక్కించే పేరు ఈసారి హైదరాబాద్ విద్యార్థిది కావాలని మేము కోరుతున్నాం.