ఆరో రోజు ఎక్కడికి?

ఉగాది సంబరాల రోజున పులిహోర లైన్లో నిలబడి ఉంటే వెనకనుంచి భుజం తట్టాడు మా కరీంనగర్ మిత్రుడు. "అన్నా, నువ్వు ఏదో స్కూల్ల గవర్నర్‌వి గదా. మా పాప క్లాసుల ఒక పిల్లగాడున్నడు. రోజూ ఏదో ఒక లొల్లి. పాఠం సాగనియ్యడట. అసుంటోళ్ళని మీరు తీసేయించలేరా?"

గవర్నర్లకు, అంటే బడి పాలకమండలి సభ్యులకు, ఆ అధికారం లేదన్నాను. ఇంగ్లండ్‌లో పిల్లవాణ్ణి బడి నుంచి పంపేసే అధికారం ఒక్క హెడ్ టీచర్‌దే. అప్పుడప్పుడూ మీటింగుకు వెళ్ళి బడ్జెట్ కాగితాలు తిరగేసే నాలాంటివాళ్ళ పని ఆ తర్వాత మొదలవుతుంది. ఆ నిర్ణయం సరైనదో కాదో చూడటం. అతనికి తృప్తి కలగలేదు. "చూసేదేముందన్నా, ఒక్కని కోసం ముప్పైమంది చదువు పోతుంటే?" అన్నాడు. ఈలోగా గరిటెతో పులిహోర పళ్ళెంలో పడింది, మాట అక్కడే ఆగిపోయింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది. కాస్త పొడుగైంది, సంపాదకులు ఏమీ అనుకోకూడదు.

ముందు లెక్కలు. 2023-24 విద్యా సంవత్సరంలో ఇంగ్లండ్ బడులు పిల్లల్ని శాశ్వతంగా తీసేసిన సందర్భాలు 10,885. సస్పెన్షన్లు 9,54,952. అంతకు ముందటేడు శాశ్వత ఎక్స్‌క్లూజన్లు 9,376. కారణాల్లో అన్నిటికన్నా పైన ఉన్నది కత్తీ కాదు, డ్రగ్సూ కాదు. పదేపదే క్లాసుకు అడ్డు తగలడం. అంటే మా మిత్రుడు చెప్పిన పిల్లవాడే. 2019లో ప్రభుత్వం కోసం ఎడ్వర్డ్ టింప్సన్ చేసిన సమీక్షలో ఇంకో అంకె ఉంది. శాశ్వతంగా తీసేసిన సందర్భాల్లో 78 శాతం, చదువులో ప్రత్యేక సాయం అవసరమైన పిల్లలవో, ఉచిత భోజనం అందుకునే పేద పిల్లలవో, సోషల్ సర్వీసెస్ కంటికి ఆనిన కుటుంబాలవో. సాయం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే గేటు చూపిస్తున్నారన్నమాట.

హెడ్ నిర్ణయాన్ని అలా సమీక్షించే గవర్నర్ల ప్యానెల్లో నేను మొదటిసారి కూర్చున్న రోజు గుర్తుంది. ఆ పిల్లవాడెవరో పోల్చుకునేలా ఏదీ చెప్పకూడదు, కొన్ని మార్చే చెబుతున్నాను. లైబ్రరీలో నాలుగు బల్లలు కలిపి వేశారు. మేం ముగ్గురు గవర్నర్లం ఒకవైపు, హెడ్ టీచర్, మినిట్స్ రాసే క్లర్క్ ఇంకోవైపు. ఒక్కొక్కరి ముందూ వందకు పైగా పేజీల ఫైలు. ఏ తేదీన, ఏ పీరియడ్లో, ఏం చేశాడు, ఎవరు రాశారు. పెన్సిల్ విసిరాడు. టై కట్టుకోలేదు. ఎదురు మాట్లాడాడు. మళ్ళీ టై. తల్లి పని యూనిఫాంలోనే వచ్చింది. ఆమె చేతిలో ఒకే ఒక్క కాగితం, బడి పంపిన ఉత్తరం, నాలుగు మడతలు పెట్టి ఉంది. పిల్లవాడు బల్ల మీది బిస్కెట్ల ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. తీసుకోమని ఎవరూ అనలేదు, వాడూ తీసుకోలేదు. అరవై పేజీలు దాటాక ఒక వాక్యం కనబడింది. చదవడంలో ఇబ్బంది పడుతున్నాడు, పరీక్ష చేయించాలి అని ఎప్పుడో ప్రైమరీ స్కూలు రాసింది. ఆ పరీక్ష జరిగిన దాఖలా తర్వాతి పేజీల్లో ఎక్కడా లేదు. అడిగితే వెయిటింగ్ లిస్ట్ అన్నారు.

హెడ్ నిర్ణయం సరైనదేనన్నాం. నేనూ చెయ్యెత్తాను.

బయట కారిడార్లో ఆ తల్లి నన్నొక్కటే అడిగింది, ఆరో రోజు నుంచి వీణ్ణి ఎక్కడికి పంపాలని. ఎందుకంటే మొదటి ఐదు రోజులు భారమంతా తల్లిదండ్రులదే. బడి వేళల్లో పిల్లవాడు సరైన కారణం లేకుండా బయట కనిపిస్తే వాళ్ళకే జరిమానా పడొచ్చు. ఆరో రోజు నుంచి స్థానిక కౌన్సిల్ చదువు ఏర్పాటు చెయ్యాలని చట్టం. నేను ఉత్తరం మీదున్న ఫోన్ నంబరు చూపించాను. అంతకన్నా నాకేమీ తెలియదు. ఆమె స్వతంత్ర రివ్యూ ప్యానెల్‌కు వెళ్ళొచ్చు, దానికీ 15 బడి పనిదినాల గడువుంది. ఆ ప్యానెల్ మమ్మల్ని మళ్ళీ ఆలోచించమని చెప్పగలదు గానీ పిల్లవాణ్ణి వెనక్కి తీసుకోమని ఆజ్ఞాపించలేదు. 2012 నుంచి అంతే. మా నిర్ణయాన్ని కొట్టేసినా మేం మొండికేస్తే బడి కట్టాల్సింది 4,000 పౌండ్లు. బడి బడ్జెట్లో అదొక లెక్క కాదు.

మన భాషలో ఎక్స్‌క్లూజన్‌కు అచ్చమైన మాట ఉంది, వెలి. కానీ మనం చేసిందీ చూసిందీ వేరు. మా రోజుల్లో 'టీసీ చేతిలో పెట్టి పంపిస్తా' అనేవారు మేష్టార్లు. గోడకుర్చీ, గుంజీలు, బెత్తం అయిపోయాక చివరి అస్త్రం అదే. తొమ్మిదో తరగతిలో మా వాడొకడికి నిజంగానే టీసీ ఇచ్చారు. వారం తిరక్కుండా బస్టాండు దగ్గర సైకిల్ షాపులో కనిపించాడు, ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తాయా అని చూస్తూ. షాపాయనకు వాళ్ళ నాన్న తెలుసు. ఎదురింటి వాళ్ళకు వీడు తెలుసు. వాడి చదువు పోయింది, అది అన్యాయమే, దాన్ని తియ్యగా చెప్పను. కానీ ఊరికి వాడెక్కడున్నాడో తెలుసు. ఇప్పుడైతే ఇండియాలో చట్టం కూడా మారింది. 2009 విద్యాహక్కు చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యకూడదు, 17వ సెక్షన్ ప్రకారం కొట్టకూడదు. ఎంతవరకు అమలవుతోందన్నది వేరే వ్యాసం. మనం నాగరికమనుకునే ఇంగ్లండ్‌లో మాత్రం అయిదారేళ్ళ పిల్లవాణ్ణి కూడా శాశ్వతంగా పంపెయ్యొచ్చు. పదేళ్ళు నిండితే వాడి మీద క్రిమినల్ కేసూ పెట్టొచ్చు.

ఇక్కడ బడి నుంచి బయటపడ్డవాడికి సైకిల్ షాపు ఉండదు. మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీగా ఉన్న పద్నాలుగేళ్ళవాడు ఎవరికి కావాలో, వాళ్ళే వస్తారు. కౌంటీ లైన్స్ అని వార్తల్లో వింటున్నాం కదా, పెద్ద నగరాల నుంచి చిన్న ఊళ్ళకు మత్తుమందు చేరవేసే ముఠాలు. మొదట వాడికి కొత్త షూస్ కొనిస్తారు, చికెన్ షాపులో తినిపిస్తారు. తర్వాత ఒక పొట్లం ఇచ్చి రైలెక్కిస్తారు. దారిలో తమ మనుషులతోనే ఆ పొట్లం కొట్టేయించి, 'నువ్వు మాకు బాకీ' అంటారు. అప్పు తీర్చాలంటే ఇంకోసారి రైలెక్కాలి. మన పల్లెల్లో వెట్టి ఎలా నడిచిందో తెలిసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

'అలాంటివాడు గనకే తీసేశారు, బడిలో ఉంచినా జైలుకే పోయేవాడు' అంటారు. నేనూ అన్నాను చాలాకాలం. ఎడిన్‌బరోలో లెస్లీ మెకారా, సూజన్ మెక్‌వీ అనే ఇద్దరు క్రిమినాలజీ ప్రొఫెసర్లు 1998లో హైస్కూల్లో చేరిన దాదాపు 4,300 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించారు. పన్నెండేళ్ళకే బడి పంపేసిన పిల్లలు పెద్దయ్యాక జైలుకెళ్ళే అవకాశం మిగతావాళ్ళకన్నా నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. దీనికీ పై వాదన అడ్డొస్తుంది, నిజమే. ఆ పేచీని తేల్చడానికే హల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇయాన్ బ్రెన్నన్, రోజీ కోర్నిష్ కలిసి ఇంగ్లండ్ బడుల రికార్డులనూ పోలీసు రికార్డులనూ జతచేసి చూశారు. పంపేసిన ప్రతి పిల్లవాడికీ దాదాపు అచ్చు అలాంటి ఇంకో పిల్లవాణ్ణి వెతికారు. అదే వయసు, అదే పేదరికం, అలాంటి చదువు, అలాంటి పాత రికార్డు, ఒక్కటే తేడా, వాణ్ణి బడి ఉంచుకుంది. ఏడాది తిరిగేసరికి తీవ్రమైన హింస కేసుల్లో ఇరుక్కునే అవకాశం పంపేసినవాళ్ళలో కనీసం రెట్టింపు ఉంది. కవలల్లో ఒకణ్ణి గేటు బయట, ఇంకొకణ్ణి లోపల పెట్టి చూసినట్టు. ఇంత దగ్గరగా పోల్చినా, మన లెక్కకందనిది ఏదైనా మిగిలి ఉంటుందేమో అని అడగొచ్చు. నాకు మాత్రం ఆ అధ్యయనం చదివాక నేను ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది.

మిగతా ముప్పైమంది సంగతేమిటి అన్న ప్రశ్న తప్పు కాదు. టీచర్ మీద కుర్చీ ఎత్తినవాణ్ణి రేపు అదే క్లాసులో కూర్చోబెట్టమని నేను అనను. కత్తి తెచ్చినవాడి విషయంలోనూ వాదించను. స్కాట్లండ్ చూడండి. 2006-07లో అక్కడ ఎక్స్‌క్లూజన్లు, తాత్కాలికంగా పంపేసినవీ కలిపి, 44,794. 2022-23కి 11,676. రిజిస్టర్ నుంచి పూర్తిగా పేరు కొట్టేయడమన్నది అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టేంత. క్లాసులో అల్లరి పెరిగిందని అక్కడి టీచర్లు గోల పెడుతున్నారు, సిబ్బందిని ఇవ్వకుండా పిల్లల్ని ఉంచమంటే ఎలా అంటున్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. ఉంచుకోవడానికి డబ్బు కావాలి. పంపేయడానికీ అవుతుంది, కాకపోతే అది బడి పద్దులో కనిపించదు.

మన పిల్లల విషయానికొస్తే, భారతీయ సంతతి పిల్లలు ఈ లెక్కల్లో బాగా కిందుంటారు. అందుకే ఇది మన గొడవ కాదనుకుంటాం. 'దండం దశగుణం భవేత్' అని ఇంగ్లిష్ హెడ్ టీచర్లకు వినిపించేంత ఉత్సాహం మనది. కానీ మన ఇంట్లో జరిగినప్పుడు ఏం చేస్తామో కూడా చూశాను. ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఫంక్షన్లకు రావడం మానేస్తారు. గడువు 15 రోజులు టెన్షన్లోనే గడిచిపోతాయి, ఎవర్నీ అడగరు, పరువు. ఆ తర్వాత ఒక రోజు 'బాబుకు అమ్మమ్మ మీద బెంగ, గుంటూరులో చదివిస్తున్నాం' అంటారు. ఇక్కడ పుట్టిన కుర్రాడు అక్కడ రెసిడెన్షియల్ కాలేజీలో ఉదయం ఐదింటికి లేచి తెలుగు యాసకు నవ్వులపాలవుతుంటాడు. మన అసోసియేషన్ పన్నుల మీద, వీసాల మీద సాయంత్రాలు పెడుతుంది. ఈ ఉత్తరం ఎలా చదవాలో చెప్పడానికి ఒక్క సాయంత్రం పెడితే నేను వచ్చి కూర్చుంటాను, పేర్లు అడగను.

మొన్న మిత్రుడు ఫోన్ చేశాడు. ఆ పిల్లగాడు రెండు వారాలుగా క్లాసుకు రావట్లేదట. "క్లాసు మస్తు ప్రశాంతంగున్నదట అన్నా" అన్నాడు. వాణ్ణి ఎక్కడికి పంపారో తెలుసా అన్నాను. పాపను పిలిచి అడిగాడు, ఫోన్లో నాకూ వినిపించింది. తెలియదంది. కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.