దుప్పటి లెక్క

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పారు. నేటి హైదరాబాదు అపార్టుమెంట్లలో రోళ్లు లేవు కనుక, ఆ బాధ్యతను వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్లు స్వీకరించాయి. మే నెలలో నగరానికి ఇంత కరెంటు ఎందుకు కావలసి వస్తోందని విద్యుత్ అధికారులు ఉష్ణోగ్రతల పట్టికలు తిరగేస్తుంటారు గాని, అసలు చూడవలసినది దుప్పటి.

బయట 42 డిగ్రీలు కాస్తున్నప్పుడు మన గృహస్థు ఏసీని 18 దగ్గర పెట్టి, ఆ చలికి ఓర్వలేక ముసుగు తన్ని పడుకుంటాడు. స్టార్ గుర్తున్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలవాలని 2020 జనవరి నుంచి నియమం ఉంది. మొదలవాలన్నారే గాని, అక్కడే ఆగాలని ఎవరన్నారు? ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెప్పిన మాటను మాత్రం అందరమూ గౌరవంగా విని, పక్కింటివారికి వదిలేశాం.

పక్కింటివారికి మనం చేసే ఉపకారం అంతటితో ఆగదు. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. ఒకటిన్నర టన్నుల యంత్రం లోపలి నుంచి 5 కిలోవాట్ల పైచిలుకు వేడిని లాగి, తాను తాగిన కిలోవాటున్నర కరెంటును కూడా వేడిగానే అందులో కలిపి, ఇరుకు సందులోకి ఊదుతుంది. ఆ సెగ తగిలిన ఎదుటి కిటికీవారు తామూ ఒక ఏసీ కొని, ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం అన్నట్టు బదులు తీర్చుకుంటారు. సాయంత్రానికి సూర్యుడు సౌర ఫలకాల డ్యూటీ దిగిపోయినా, పగలంతా ఎండ తాగిన కాంక్రీటు గోడలు రాత్రి దాన్ని కక్కుతూనే ఉంటాయి కాబట్టి, ఈ పేరంటం తెల్లవారేదాకా సాగుతుంది.

నెలకు 200 యూనిట్లలోపు వాడే అర్హులకు ఉచితమన్న గృహజ్యోతి పథకం వల్ల కొన్ని ఇళ్లలో పొదుపు కనిపిస్తుంది, అదీ నెల మొదట్లో. గీత దాటామని మీటరు తేల్చిన రోజున, ఇక మొహమాటం దేనికని రిమోటు మళ్లీ 18కి దిగుతుంది.

చివరికి అర్ధరాత్రి ఫ్యూజు ఎగురుతుంది. విసనకర్రలతో, ఫోన్ లైట్లతో కిందికి దిగిన వారిని లైన్‌మన్ అడుగుతాడు: "ఇంటికి ఎన్ని ఏసీలు నడుస్తున్నాయండీ?"

"ఒక్కటే బాబూ, అదీ ఎప్పుడో గాని వేయం" అంటారు అందరూ, భుజాన దుప్పట్లు సర్దుకుంటూ.